పెరట్లో మాంసం కోళ్లు: పిల్లలు దిగిన రోజు నుంచి కూర పొయ్యెక్కే దాకా

పిల్లల్ని కొనే ముందు క్యాలెండర్ తీయండి. గుడ్ల కోసం పెంచేవాళ్లు ఎప్పుడు మొదలుపెట్టినా ఒకటే. మాంసానికైతే కోసే రోజు ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఆ రోజు ఏదని మన ఇళ్లలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. కోస్తాలో కనుమ, తెలంగాణలో దసరా. పెరట్లో తిరిగే వనరాజ రకం పుంజు కిలోన్నర, రెండు కిలోలు తూగాలంటే మూడున్నర నుంచి నాలుగు నెలలు పడుతుంది. కనుమకి కావాలంటే సెప్టెంబరు మొదటి పక్షంలో పిల్లలు దిగాలి. దసరాకైతే మృగశిర కార్తె నాటికి. ఈ లెక్క తప్పి కార్తీక మాసంలో పుంజులు చేతికొచ్చాయనుకోండి, ఇంట్లో సగం మంది ముట్టరు, బయట అడిగేవాడుండడు, అవి మాత్రం నెల రోజులు దాణా తింటూ కూర్చుంటాయి. నాలుగు నెలలు దాటిన పుంజు తినే తిండికీ పెరిగే బరువుకీ పొంతన ఉండదు. పైగా ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెడతాయి.

మొదటి విడతకి 20 పిల్లలు చాలు. రెండు మూడు సెంట్ల పెరడుకి అంతకు మించితే వాసన, దాంతోపాటు తగువులు. కాలనీలో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. మూడు నెలలు దాటిన పుంజులు తెల్లవారుజామున నాలుగింటికే కూత అందుకుంటాయి. పక్కింటివాళ్లకి ముందే ఓ మాట చెప్పి, పండక్కి ఓ గిన్నె పులుసు మీదేనని ఒప్పుకోవడం అన్నిటికన్నా చవకైన మార్గం.

1. ఏ పిల్లలు తేవాలి

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఐసీఏఆర్ వారి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడ తయారైనవే. వీటిలో మాంసానికి వనరాజ మేలు. గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది, ఒళ్లు తక్కువ. పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ కూడా పెరటికి సరిపోయేదే. వీటి పిల్లలు ప్రభుత్వ ఫారాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో దొరుకుతాయి కానీ వెళ్లగానే చేతికివ్వరు. ముందుగా పేరు రాయించుకోవాలి. తేదీ ముందే తేల్చుకోమన్నది ఇందుకు కూడా.

అసలు నాటుకోడే కావాలనుకుంటే ఊళ్లో పొదుగుకొచ్చిన పెట్టని చూసుకోండి. పెట్టి వారం దాటని గుడ్లు 10 లేదా 12 దాని కింద ఉంచితే 21 రోజులకు పిల్లలవుతాయి. బల్బులు, దాణాల గొడవ సగం తల్లే చూసుకుంటుంది. కాకపోతే ఎదుగుదల నెమ్మది, కిలో తూగడానికే నాలుగైదు నెలలు. కనుమకి కావాలంటే ఆగస్టు మొదటికల్లా పిల్లలు బయటికి రావాలి. పందెం కోళ్ల జాతి అసీల్ పిల్లలు తెస్తే మాంసం గట్టిగా, రుచిగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. గోదావరి జిల్లాల్లో అయితే పుంజు కాస్త ఎదగగానే "ఇది డేగా, కాకా, నెమలా" అంటూ గోడ మీంచి తొంగిచూసేవాళ్లు తయారవుతారు. వాళ్ల పని వేరు, అది చట్టానికి విరుద్ధం కూడా. మన పని కూర.

రెండు రకాలు మాత్రం తేవద్దు. సంతలో, బడి గేట్ల దగ్గర గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే పిల్లలు సాధారణంగా గుడ్ల జాతి మగపిల్లలు. ఎంత మేపినా రొమ్ము మీద కండ పట్టదు. ఇంకోటి, మోపెడ్ మీద గంపలు కట్టుకుని నాటువి అంటూ అమ్మే నెల రోజుల పిల్లలు. చాలాసార్లు అవి సోనాలి అనే సంకరజాతి పిల్లలు. సోనాలి చెడ్డదేం కాదు గానీ నాటు ధర పెట్టి కొనక్కర్లేదు. టీకాలు పడ్డాయో లేదో చెప్పేవాడు కూడా ఉండడు.

వనరాజ పిల్లలు ఆడా మగా కలిపి ఇస్తారు, దాదాపు సగం సగం. పుంజుల్ని పండక్కి కోసుకుని, పెట్టల్ని గుడ్లకి ఉంచుకోండి. ఆ గుడ్లు పొదిగించి మళ్లీ వనరాజలే వస్తాయనుకోకండి. అవి సంకరం, తర్వాతి తరంలో ఆ ఎదుగుదల ఉండదు. అసలు ఆ పెట్టలు పొదుగుకి కూర్చోవడమే తక్కువ.

2. గూడు

20 కోళ్లకి రాత్రి పడుకోవడానికి 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గూడు సరిపోతుంది. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ, వాన జల్లు లోపల పడవు. నేల కంటే అడుగున్నర ఎత్తులో ఉంటే ఇంకా మంచిది. పైన తాటాకో, రేకో. రేకైతే దాని మీద కొబ్బరి మట్టలు పరవకపోతే ఏప్రిల్లో లోపల పెనం మీద ఉన్నట్టే. నాలుగు వైపులా ఇనుప వల కట్టండి. కన్ను అరంగుళానికి మించకూడదు. అంతకంటే పెద్ద కన్నుల్లోంచి పాము దూరుతుంది, ముంగిస మూతి పెట్టి పిల్ల కాలు లాగేస్తుంది. తలుపుకి గొళ్లెం తప్పనిసరి. పిల్లి తోసుకుని వస్తుంది, బావురుపిల్లి లాక్కుని వస్తుంది.

లోపల మూడంగుళాల మందాన వరి ఊక పరవండి. తడిస్తే ఆ చోట తీసేసి కొత్తది వేయండి. పిడికెడు ఊక తీసి నొక్కినప్పుడు ఉండ కడితే తడి ఎక్కువైనట్టు, చేయి తెరవగానే రాలిపోతే బాగున్నట్టు.

3. మొదటి నాలుగు వారాలు

చచ్చే పిల్లల్లో ఎక్కువ శాతం ఇప్పుడే చస్తాయి, అది కూడా చలికి. కాబట్టి ఇక్కడ ఓపిక పట్టండి.

అట్టతో గానీ రేకుతో గానీ అడుగున్నర ఎత్తున, మూడు నాలుగు అడుగుల వెడల్పున గుండ్రంగా దడి కట్టండి. మూలలు ఉండకూడదు. మూల కనిపిస్తే పిల్లలన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి పడి, అడుగువి ఊపిరాడక పోతాయి. ఊక పరిచి, మొదటి మూడు రోజులు దాని మీద పాత పేపర్లు వేయండి. లేకపోతే అవి మేతనుకుని ఊకే తింటాయి. పేపరు రోజూ మార్చాలి.

వేడికి పిల్లకి 2, 3 వాట్ల లెక్క. 20 పిల్లలకి 60 వాట్ల బల్బు ఒకటి అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. ఫిలమెంట్ ఉన్న పాతరకం బల్బే కావాలి. ఎల్ఈడీ వెలుగిస్తుంది, వేడివ్వదు. పాత బల్బు దొరక్కపోతే కోళ్ల దాణా అమ్మే షాపుల్లో ఇన్‌ఫ్రారెడ్ బల్బులుంటాయి, అవి ఇంకాస్త ఎత్తులో కట్టాలి. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద గుంపుగా చేరి కీచుకీచుమంటే చలి. దడి అంచులకి పోయి నోళ్లు తెరుచుకుంటే వేడి ఎక్కువ. అక్కడక్కడా సర్దుకుని, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుంటే సరిగ్గా ఉంది. రాత్రి రెండింటికి ఒకసారి లేచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది, సాయంత్రం చూసింది లెక్కలోకి రాదు.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టి, పైన గోనె కప్పితే రెండు గంటలు గడుస్తుంది. బొగ్గుల కుంపటి పాతవాళ్ల పద్ధతే గానీ మూసిన గదిలో పెట్టకండి. పొగ లేకపోయినా ఆ గాలికి పిల్లలు పోతాయి.

పిల్లలు దిగగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో రెండు చెంచాల బెల్లం కలిపి పెట్టండి. ఒక్కో పిల్లని పట్టుకుని ముక్కు నీళ్లలో ఒకసారి ముంచి వదలాలి, లేకపోతే కొన్నిటికి తాగడం తెలియదు. ఒకటి రెండు గంటలయ్యాక మొక్కజొన్న రవ్వో, సన్న నూకలో పేపరు మీద చల్లండి. మర్నాటి నుంచి స్టార్టర్ దాణా. ఆరు వారాల దాకా అదే. ఒక్కో పిల్ల ఈ ఆరు వారాల్లో కిలోన్నర నుంచి రెండు కిలోలు తింటుంది. ఇక్కడ పిసినారితనం చేసి తౌడు, అన్నం మెతుకులతో సరిపెడితే ఎముక ఎదగదు. ఆ తర్వాత ఎంత మేపినా ఆ లోటు పూడదు.

నీళ్ల పళ్లెం పిల్లలు లోపలికి దిగలేనంత సన్నగా ఉండాలి. సగం కొబ్బరి చిప్పలు వద్దు, తిరగబడి ఊకంతా తడుస్తుంది. మూడో వారం నుంచి తడి ఊక ఉన్నచోట రక్తం పారుడు వస్తుంది. రెట్టలో ఎర్రగా కనిపించిన రోజే పశువుల ఆసుపత్రికి వెళ్లి మందు తెచ్చి నీళ్లలో కలపండి. ఒక్క రోజు ఆగినా సగం పిల్లలు ముడుచుకుపోతాయి.

4. టీకాలు

కోళ్లు పెంచి విసుగొచ్చి మానేశామనే ఇళ్లలో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కొక్కెర తెగులు. మెడ వంకరపోయి, ఆకుపచ్చగా పారుకుని, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. దీనికి మందు లేదు, టీకానే.

మారెక్స్ జబ్బుకి టీకా పిల్ల పుట్టిన రోజే హేచరీలో వేస్తారు, వేశారో లేదో అడగండి. 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకి లసోటా టీకా, కంట్లో ఒక్క చుక్క. 14వ రోజు గంబోరో జబ్బుకి టీకా. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరో వారం మశూచి టీకా, రెక్క పొరలో గుచ్చుతారు. ఎనిమిదో వారం కొక్కెర తెగులుకే ఇంకా బలమైన టీకా ఆర్2బి, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు. అంతకుముందు లసోటా పడని కోడికి ఆర్2బి నేరుగా వేయకూడదు, టీకానే జబ్బు చేస్తుంది.

చిక్కేమిటంటే లసోటా సీసా 100 డోసులో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. మీ కోళ్లు 20. కలిపాక గంట, గంటన్నరలో వాడేయాలి, మిగిలింది దాచడానికి లేదు. అందుకే వీధిలో కోళ్లున్న నలుగురూ ఒకే రోజు పెట్టుకోండి, ఖర్చు పంచుకోవచ్చు. పక్కవాళ్ల కోళ్లకి టీకా పడితే మీ కోళ్లకీ అది రక్షణే. షాపు నుంచి ఐస్ పెట్టెలో తెచ్చి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెట్టాలి. జేబులో వేసుకుని ఎండలో తెచ్చిన టీకా వేసినా వేయకపోయినా ఒకటే. సాయంత్రం చల్లబడ్డాక, ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయండి.

ఇంకో అలవాటు ఉంది మన దగ్గర. కోడి తూలుతోందంటే "చచ్చేలోపు కోసేద్దాం" అంటారు. వద్దు. జబ్బు కోడిని కోసి ఈకలు, పేగులు వీధిలో పారేస్తే ఊరంతా తెగులు చుట్టేస్తుంది. బర్డ్‌ఫ్లూ అయితే మనుషులకే ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లు పిట్టల్లా రాలాయి. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నపిల్ల ఆ వైరస్‌తో చనిపోయింది. ఆ పాప పచ్చి కోడి ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే పశువైద్యుడికి చెప్పండి. కళేబరాలు చేత్తో ముట్టకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి.

5. బయటికి వదిలాక మేత

ఆరు వారాలు నిండి, ఒళ్లంతా ఈకలు కమ్ముకున్నాక వదలండి. మొదటి రెండు రోజులు గంట సేపు, అది కూడా సాయంత్రం. ఆకలితో ఉంటే చీకటి పడకముందే గూటికి తిరిగొస్తాయి. గూడు దగ్గర మేత వేసే వేళ ఒకటే ఉండాలి, పిలిచే పిలుపు ఒకటే ఉండాలి. వారంలో అలవాటు పడతాయి.

పురుగులు, గడ్డి, గింజలు వాటంతటవే ఏరుకుంటాయి. మనం రోజుకి కోడికి 40, 50 గ్రాములు వేస్తే చాలు. నూకలు గానీ జొన్నలు గానీ ఐదు పాళ్లు, తౌడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క రెండు పాళ్లు, చేప పొడి ఒక పాలు, గుప్పెడు మినరల్ మిక్చర్. చెక్క బూజు పట్టిందంటే కోళ్లకే కాదు, గేదెలకి కూడా వేయకండి. ఆ బూజు విషం కాలేయానికి ఎక్కుతుంది.

మాంసకృత్తులు పైసా ఖర్చు లేకుండా కావాలంటే చెదల కుండ పెట్టండి. పగిలిన పాత కుండలో చిరిగిన గోనె, ఎండు పేడ, జొన్న చొప్ప కుక్కి, కాస్త నీళ్లు చిలకరించి, చెద పుట్ట పక్కన బోర్లించాలి. తెల్లారేసరికి గోనె అంతా తెల్లగా చెదలు పట్టి ఉంటుంది. దాన్ని తెచ్చి పెరట్లో దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఏరుకుంటాయి. ఎండ పెరగకముందే తీయాలి, లేకపోతే చెదలు మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి. కుండని ఇంటి గోడకీ, కర్ర సామానుకీ దూరంగా పెట్టమని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఎనిమిదో వారం దాటాక ఓసారి నట్టల మందు. పెరటి కోడికి నట్టలు ఖాయం. పగలు గద్ద భయం ఉంటే పెరడు మీద అడ్డదిడ్డంగా కొబ్బరి తాళ్లు కట్టి పాత సీడీలు వేలాడదీయండి, కొంత పనిచేస్తుంది. మంచి కుక్క ఉంటే బాగా పనిచేస్తుంది.

కోయడానికి రెండు వారాల ముందు నుంచి ఏ మందూ వేయకండి. పది రోజుల ముందు నుంచి చేప పొడి కూడా ఆపేయండి, కూరలో ఆ వాసన తెలుస్తుంది. ఆ పది రోజులు జొన్నలో మొక్కజొన్నో కాస్త ఎక్కువ పడితే చర్మం కింద కొవ్వు పడుతుంది. నాటుకోడి పులుసు మీద తేలే నూనె అదే.

6. ముందు రోజు రాత్రి

చీకటి పడ్డాక, కోడి మత్తుగా ఉన్నప్పుడు పట్టుకోండి. పగలు వెంటపడి తరిమి పట్టుకున్న కోడి మాంసం గట్టిపడుతుంది. రొమ్ము ఎముకకి రెండు పక్కలా తడిమి చూడండి. ఎముక కత్తిలా తగిలితే దాన్ని ఇంకో రెండు వారాలు వదిలేయండి. గుండ్రంగా, నిండుగా ఉన్నదాన్ని తీసి వేరే గంప కింద మూయండి. నీళ్లు పెట్టాలి, మేత వద్దు. 8 నుంచి 12 గంటలు కడుపు ఖాళీ అయితే తెల్లారి మీ పని సగమవుతుంది. మేత తిన్న కోడిని కోస్తే పేగు ఎక్కడో ఒకచోట తెగుతుంది, ఇక ఎంత కడిగినా ఆ కంపు పోదు.

కత్తి పదును పెట్టుకోవడం కూడా రాత్రే. కావాల్సినవి: రెండు కత్తులు (ఒకటి కోయడానికి, ఒకటి పొట్ట తీయడానికి), పెద్ద గిన్నె, రెండు బకెట్లు, పసుపు, ఐస్ లేదా బాగా చల్లటి నీళ్లు, చెత్తకి ముందే తీసిన గుంట.

7. కోయడం

చల్లటి పొద్దున్నే, మిగతా కోళ్లకి కనబడని చోట. పాత 5 లీటర్ల నూనె డబ్బాకి అడుగు కోసేసి, మూతి తల పట్టేంత వెడల్పు చేసి, తలకిందులుగా గోడకి మేకుకి తగిలించండి. కోడిని అందులో తలకిందులుగా దించితే రెక్కలు కొట్టుకోదు, రెక్క ఎముక విరగదు, మాంసంలో రక్తం గడ్డకట్టదు. ఒక్కరే ఉన్నా ఈ పని చేయొచ్చు. తలకిందులు కాగానే కోడి అర నిమిషంలో సద్దుమణుగుతుంది.

ఎవరి ఆచారం వాళ్లది. హలాల్ చేసేవాళ్లు గొంతు, నరాలు ఒక్క కోతతో తెంపి వెన్ను తెగకుండా చూస్తారు. మిగతావాళ్లు దవడ కింద రెండు పక్కలా రక్తనాళాలు తెంపినా చాలు. ఏదైనా ఒకే ఊపులో, వెనక్కి తగ్గకుండా జరగాలి. మొద్దుబారిన కత్తితో గీకడం కోడికి నరకం. రెండు మూడు నిమిషాలు రక్తం పూర్తిగా కారనివ్వండి. కొట్టుకోవడం ఆగి, ఊపిరి ఆగి, కనుగుడ్డు ముట్టుకున్నా రెప్ప కదలకపోతేనే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

8. బొచ్చు, మంట

నీళ్లు 60 నుంచి 65 డిగ్రీలుండాలి. థర్మామీటర్ లేకపోతే సలసల మరిగిన నీళ్లు సగం, మామూలు నీళ్లు సగం కలపండి, దాదాపు 65కి వస్తుంది. చలికాలం పొద్దున మరిగిన నీళ్లు ఒక చెంబు ఎక్కువ పోయాలి. కాళ్లు పట్టుకుని ముంచి, నీళ్లు ఈకల మొదళ్లలోకి వెళ్లేలా పైకీ కిందకీ ఆడించండి. ముప్పావు నిమిషం తర్వాత తోక ఈక ఒకటి లాగి చూడండి. జారినట్టు వస్తే తీసేయొచ్చు, పట్టుకుంటే ఇంకో పది సెకన్లు. నిమిషంన్నర దాటితే చర్మం ఉడికి, బొచ్చుతో పాటు ఊడొస్తుంది. మరిగే నీళ్లు నేరుగా పోసినా అంతే.

ముందు రెక్కలు, తోక. వేడి తగ్గితే అవే మొండికేస్తాయి. తర్వాత రొమ్ము, తొడలు. ఈక మొలిచిన వైపుకే లాగండి, ఎదురు లాగితే చర్మం చిరుగుతుంది.

బొచ్చు పీకాక సన్నటి నూగు మిగులుతుంది. ఇక్కడే నాటుకోడి రుచి మొదలవుతుంది. గుప్పెడు పసుపు తడిపి ఒళ్లంతా రాసి, వరిగడ్డి గానీ ఎండు కొబ్బరి మట్టలు గానీ వెలిగించి ఆ మంట మీద తిప్పండి. గడ్డి మంట ఎత్తుగా లేచి చప్పున తగ్గుతుంది, అందుకే చర్మం మాడకుండా నూగు మాత్రం పోతుంది. రెక్కలు విప్పి చంకలు, తొడల సందులు చూపించాలి. చర్మం బిగుసుకుని బంగారు రంగుకి తిరిగి, అక్కడక్కడా నల్ల చుక్కలు పడితే చాలు. అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ పొయ్యి మీద పట్టకారుతో పట్టుకుని కాల్చినా పనవుతుంది, గడ్డి పొగ రుచి మాత్రం రాదు. కిరసనాయిలు, ప్లాస్టిక్, పాత టైర్ల మంట మీద కాల్చేవాళ్లుంటారు, అలాంటి చోట కోడి కోయించుకోకండి. కాల్చాక మళ్లీ పసుపు, ఉప్పు వేసి కత్తి మొండివైపుతో గీకుతూ కడిగితే మసి పోతుంది.

9. పొట్ట తీయడం

తల తీసేయండి. కాళ్లు మోకాలి కీలు దగ్గర వంచి, కత్తి కీలులో పెడితే ఎముక నరకకుండా తెగుతాయి. కాళ్లు వేడినీళ్లలో ముంచి పైపొర ఒలిస్తే పులుసుకి పనికొస్తాయి. తోక మీద ఉబ్బెత్తుగా ఉండే నూనె గ్రంథిని చుట్టూ కోసి తీసేయండి, మర్చిపోతే కూరలో వెగటు వాసన.

మెడ వెనక చర్మం చీల్చి, గాలి గొట్టం, మేత గొట్టం రెండూ వేళ్లతో విడదీయండి. మెడ మొదట్లో మేత నిలవుండే తిత్తిని చర్మం నుంచి ఒలిచి వదులు చేసి ఉంచాలి. ఇప్పుడు కోడిని వెల్లకిలా పెట్టి, రొమ్ము ఎముక కొసకీ మలద్వారానికీ మధ్య అడ్డంగా చర్మం మాత్రమే తెగేలా కోయండి. కత్తి మొన పైకి ఉండాలి, పేగు వైపు కాదు. మలద్వారం చుట్టూ వేలు వెడల్పు వదిలి గుండ్రంగా కోసి, చేయి లోపలికి పెట్టి, రొమ్ము ఎముకని ఆనుకుని చివరిదాకా వెళ్లి, గట్టిగా తగిలే కందనకాయని పట్టుకుని నెమ్మదిగా లాగితే అన్నీ ఒకే గుత్తిగా బయటికొస్తాయి.

కార్జాన్ని చూడండి. ముదురు ఎరుపులో, నున్నగా ఉంటే కోడి ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్ల మచ్చలు, గడ్డలు, కుళ్లు వాసన ఉంటే కార్జమే కాదు, కోడి మొత్తం గుంటలో వేయండి. నాలుగు నెలల కష్టమే అయినా అంతే.

కార్జానికి అంటుకుని ఆకుపచ్చటి చేదు తిత్తి ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగకండి, చుట్టూ కాస్త కార్జం ముక్కతో కలిపి కోసేయండి. పగిలితే ఆ రసం తాకిన ప్రతిచోటా చేదే, వెంటనే కడిగి ఆ భాగం కోసి పారేయాలి. కందనకాయని పక్కగా చీల్చి తెరిస్తే ఆ కోడి ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది. గులకరాళ్లు, నాపరాయి ముక్కలు, గాజు పెంకు, ఒక్కోసారి చొక్కా గుండీ. అవి దులిపేసి, పసుప్పచ్చటి లోపలి పొర అంచుని గోటితో లేపి లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. తడపకముందే ఒలవాలి, నీళ్లలో నానితే ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. వెన్నుకి రెండు పక్కలా అతుక్కున్న ఊపిరితిత్తుల్ని వేలితో గీకి తీసేయండి.

కడగడం కుళాయి కింద వద్దు. నీళ్లు చిమ్మి సింకు, పక్కన ఆరబెట్టిన గిన్నెలు అన్నీ పాడవుతాయి. బకెట్లో ముంచి కడగండి, నీళ్లు రెండుసార్లు మార్చండి.

10. చల్లబరచడం, ముక్కలు

ఇక్కడ చాలామంది తొందరపడతారు. కోసిన గంటలోపు వండినా సరే, లేదంటే ఐస్ నీళ్లలో అరగంట ఉంచి, నీరు కార్చి, ఫ్రిజ్‌లో కనీసం ఆరేడు గంటలు పెట్టి వండినా సరే. రెండింటి మధ్యలో, కోసిన మూడు నాలుగు గంటలకి, కండ బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు పొయ్యెక్కిస్తే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా నమలలేరు. నాటుకోడి ఉడకదని తిట్టుకునేవాళ్లలో సగం మంది వండింది ఆ వేళలోనే. పండగ రోజు ఇంటి నిండా జనం ఉంటే ముందు రోజు కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే సుఖం. ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకండి. ఆపైన ఫ్రీజరే.

2 కిలోల పుంజు శుభ్రం చేశాక, చర్మంతో కలిపి 1,300 నుంచి 1,400 గ్రాములు తేలుతుంది. ముక్కలు కొట్టేటప్పుడు తొడ, రెక్క కీళ్ల దగ్గర కత్తితో విడదీసి, వెన్ను, రొమ్ము మాత్రమే నరకండి. అన్నీ నరికితే ఎముక పెళుసులు పులుసులో తేలి పిల్లల పళ్లలో గుచ్చుకుంటాయి. చర్మం తీసేయకండి, మంట మీద పడ్డ కష్టమంతా అందులోనే ఉంది. గారెల్లోకైనా, రాయలసీమ వాళ్ల రాగి సంకటిలోకైనా పులుసు కాస్త ఎక్కువే పెట్టుకోండి.

మీ ఇంటికి వండుకునేంత వరకు ఇదంతా మీ ఇష్టం. కోసిన మాంసం అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రాణంతో ఉన్న కోడిని తూకానికి అమ్మడం దానికన్నా తేలిక.

11. చెత్త, గూడు

ఈకలు, పేగులు, రక్తం రెండడుగుల గుంటలో వేసి పైన పేడ, ఆకులు, మట్టి కప్పండి. పైన ఒక రాయి ఉంచకపోతే రాత్రికి కుక్కలు తవ్వుతాయి. ఆర్నెల్లకి అది మంచి ఎరువు, కొబ్బరి మొక్క పక్కనే ఆ గుంట తీసుకోవచ్చు. కత్తులు, చెక్క మొద్దు వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి.

మిగిలిన పెట్టల్ని వేరే చోటికి మార్చి, గూట్లోని ఊకంతా తీసేయండి. నేల, వల గీకి కడిగి, ఆరాక సున్నం కొట్టి రెండు వారాలు ఖాళీగా ఎండనివ్వండి. కనుమ అయ్యాక శుభ్రం చేస్తే ఫిబ్రవరి మొదటికి గూడు సిద్ధం. అప్పుడు దించిన పిల్లలు జూన్ మొదటికి చేతికొస్తాయి. ఎండలకి నీళ్ల కుండలు, తడి గోనెలు చూసుకోగలిగితేనే ఆ విడత పెట్టండి. లేకపోతే మృగశిర దాకా ఆగి, హేచరీలో ఇప్పుడే పేరు రాయించండి.